మీకు తెలుసా? ‘ప్లాటు’కు ఎన్ని అర్థాలో!

హైదరాబాద్ శివార్లలో మేడ్చల్ నుంచి రావల్కోల్ దాకా ఎక్కడ స్థలం మాట వచ్చినా ముందు వినిపించే ప్రశ్న ఒకటే: “గజం ఎంత చెప్తున్నరు?” ఆ వెంటనే ప్లాటు, వెంచర్, లేఅవుట్, కార్నర్ బిట్టు, ఈస్ట్ ఫేసింగ్ అంటూ మాటలు వరస కడతాయి. ఇవన్నీ ఇంగ్లిషు మాటలే అయినా మనకు బియ్యం, ఉప్పు అన్నంత అలవాటైపోయాయి. వీటిలో ఒక్కో మాటకు నాలుగైదు అర్థాలున్నాయి. ఇరవై ఏళ్లు కూడబెట్టిన సొమ్మును ఒక మాట మీద పెట్టేటప్పుడు, ఆ మాటకు అర్థమేమిటో తెలిసి ఉండటం మన హక్కు, అవసరం కూడా.

నేల, పటం, కుట్ర, కథ

‘ప్లాట్’ పాత ఇంగ్లిషు కాలం నుంచీ ఉన్న మాట. మొదట దాని అర్థం చిన్న నేల ముక్క, అంతే. 16వ శతాబ్దానికి ఆ నేలను కాగితం మీద గీసిన పటాన్నీ ప్లాట్ అనసాగారు. పటం పథకమైంది, పథకం పన్నాగమైంది. ఫ్రెంచిలో కుట్రను ‘కంప్లో’ అంటారు, ఆ మాట ప్రభావం కూడా దీనిమీద ఉండి ఉంటుందని నిఘంటుకారుల అభిప్రాయం. 1605 నవంబరు 5న లండన్ పార్లమెంటును పేల్చేయడానికి 36 పీపాల మందుగుండు దాచిన కుట్ర చరిత్రలో ‘గన్‌పౌడర్ ప్లాట్’గా నిలిచింది. 17వ శతాబ్దంలో నాటకాల, కథల అల్లికకూ ఇదే పేరొచ్చింది. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టడమూ ప్లాటింగే.

తెలుగులో దేని మాట దానికుంది. నేలకు జాగా, స్థలం. కుట్రకు పన్నాగం, కుతంత్రం. కథకు ఇతివృత్తం, కథావస్తువు. భరతుడి నాట్యశాస్త్రం ఇతివృత్తాన్ని నాటకానికి శరీరమంది, దాన్ని ముఖం నుంచి నిర్వహణం దాకా ఐదు సంధులుగా విభజించింది. ఇంగ్లిషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో కథకూ ప్లాట్‌కూ తేడా చెప్పాడు: తర్వాత ఏమైందో చెప్పేది కథ, ఎందుకైందో చెప్పేది ప్లాట్.

ప్లాటా? ఫ్లాటా?

ఇంగ్లిషువాళ్ల నోట ఈ రెండు మాటలూ కలవవు. మొదటి అక్షరమూ వేరు, మధ్య అచ్చూ వేరు. తెలుగులోకి వచ్చేసరికి రెండింటికీ ఒకటే దీర్ఘం మిగిలింది. ‘ప్లాట్’లోని ‘ఆ’కూ ‘ఓ’కూ మధ్య పలుకును రాయడానికి హిందీలో ప్రత్యేకమైన గుర్తుంది, మనకు లేదు. ఇక ‘ఫ’ను ‘ప’లా పలికితే ఉన్న ఆ కాస్త తేడా కూడా పోతుంది. అందుకే చిన్న ప్రకటనల్లో ఏది ఏదో ఒక్కోసారి ధర చూసి పోల్చుకోవాల్సి వస్తుంది.

ఇల్లు అనే అర్థమున్న ‘ఫ్లాట్’ స్కాట్లండ్‌లో నిలిచిన ‘ఫ్లెట్’ అనే పాత మాట నుంచి వచ్చింది. ఇంటి లోపలి భాగం, అంతస్తు అని దాని అర్థం. చదునుగా ఉన్నదీ ఫ్లాటే, గాలి పోయిన టైరూ ఫ్లాటే, దుకాణంవాడు అన్నిటిమీదా ఒకే రకంగా ఇచ్చే తగ్గింపూ ఫ్లాటే. కాలేజీ కుర్రాడు ఎవరినో చూసి ‘ఫ్లాటైపోవడం’ మాత్రం మన సొంత వాడుక. ఫ్లాట్ అనే ఇంటిని అమెరికావాళ్లు అపార్ట్‌మెంట్ అంటారు. మనం మొత్తం భవనాన్ని అపార్ట్‌మెంట్ అని, అందులోని ఒక్కో ఇంటిని ఫ్లాటు అని పంచుకున్నాం.

కొనేవారికి అసలు తేడా ఇక్కడుంది. ప్లాటు కొంటే హద్దుల్లోని నేలంతా మీదే. ఫ్లాటు కొంటే ఇల్లు మీది, కింది నేలలో మాత్రం అందరితో కలిసి ఉండే అవిభాజ్య వాటా మీది.

చట్టమే రాసిన పర్యాయపదాలు

పర్యాయపదాలు నిఘంటువుల్లోనే ఉంటాయనుకోకండి. 2016లో వచ్చిన రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం అపార్ట్‌మెంట్‌ను నిర్వచిస్తూ డజను మాటలను వరసగా పేర్చింది. బ్లాక్, ఛాంబర్, ఫ్లాట్, ఆఫీసు, షోరూమ్, షాపు, గోడౌన్, టెనెమెంట్, యూనిట్ అందులో కొన్ని. చివర ‘ఇంకే పేరుతో పిలిచినా సరే’ అని కూడా చేర్చింది. పేరు మార్చి చట్టం నుంచి తప్పించుకునే దారిని అలా మూసేశారు. కొనుగోలుదారుడి మేలు కోరి చేసిన పదసేకరణ ఇది. ఇదే చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటిన కొత్త లేఅవుట్‌ను రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు.

ఆ జాబితాలోని ‘గోడౌన్’ ఇంగ్లిషులా కనిపిస్తుంది కానీ, మలయ్ భాషలోని ‘గుదాంగ్’ నుంచి వచ్చింది. దానికి మూలం మన ‘గిడ్డంగి’ కావచ్చని కొందరు పండితులంటారు. జాతీయ రహదారి పక్కన గోడౌన్లు బారులు తీరిన మేడ్చల్‌లో ఇది తెలుసుకోదగ్గ సంగతి.

వెంచర్ అంటే సాహసం

లేఅవుట్ వేస్తే మనం ‘వెంచర్ వేశారు’ అంటాం. ఇంగ్లిషులో వెంచర్ అంటే నష్టభయం ఉన్న పూనిక, సాహసం. ‘అడ్వెంచర్’ తల తెగి వెంచర్ అయింది. ఆ మాటలోని నష్టభయం వ్యాపారిది కావాలి, కొనేవారిది కాకూడదు. పత్రికాఫీసులో ‘లేఅవుట్’ అంటే పేజీ మీద వార్తల అమరిక, నేల మీద అయితే రోడ్లు, పార్కులు, ప్లాట్ల అమరిక. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) అనుమతి ఆ అమరికకు ఇచ్చేదే.

గజం, యార్డు, గుంట

ఇంగ్లిషులో ‘యార్డ్’ నిజానికి రెండు మాటలు. కొలత యార్డుకు మూలం కర్ర అనే అర్థమున్న పాత మాట. పెరటి యార్డుకు మూలం ఆవరణ అనే అర్థమున్న వేరే మాట. మన గజానిదీ అదే కథ: ఏనుగు అనే గజం సంస్కృతం, కొలత గజం పారశీకం. గుంట మరీ చిత్రం. అది నీటి గుంట, పొలం కొలత, ఉత్తరాంధ్రలో అయితే ఆడపిల్ల కూడా. ‘ఎకరా’కు మూలమైన ఇంగ్లిషు ‘ఏకర్’కు మొదటి అర్థం పొలం. సంస్కృతంలోని ‘అజ్ర’ దాని చుట్టమే.

లెక్క గుర్తుంచుకోండి. స్థలం బేరంలో గజమంటే చదరపు గజం, అంటే 9 చదరపు అడుగులు. 30 బై 60 అడుగుల ప్లాటు 1,800 చదరపు అడుగులు, సరిగ్గా 200 గజాలు, సుమారు 167 చదరపు మీటర్లు. గుంటకు 121 గజాలు, 40 గుంటలు కలిస్తే 4,840 గజాల ఎకరం. ఆంధ్రలో ఎకరాకు 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు. కాబట్టి గుంటూరు నుంచి వచ్చినవారికి ఆ 200 గజాలు నాలుగు సెంట్ల పైచిలుకు, మేడ్చల్ రైతుకు గుంటన్నర దాటిన జాగా.

షెడ్యూల్ చదివారా?

‘షెడ్యూల్’ లాటిన్‌లో చిన్న కాగితం ముక్క. ఇంగ్లిషులో అది పత్రానికి జతపరిచే కాగితమైంది. వేళల పట్టిక అనే అర్థం 19వ శతాబ్దంలో వచ్చి చేరింది. సినిమావాళ్లకు షూటింగ్ షెడ్యూల్. రాజ్యాంగంలో ఎనిమిదో షెడ్యూల్, అందులోని 22 భాషల్లో తెలుగు ఒకటి. దస్తావేజులో మాత్రం షెడ్యూల్ అంటే మీ ఆస్తి వివరం: సర్వే నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు.

దస్తావేజులో అన్నిటికన్నా విలువైన పేజీ అదే. రిజిస్ట్రేషన్‌కు ముందే ముసాయిదా అడిగి తెచ్చుకోండి. ఇంట్లో అందరూ కూర్చుని షెడ్యూల్‌ను ఒకరు పైకి చదవండి. తర్వాత ఆ కాగితంతో స్థలం దగ్గరికి వెళ్లి తూర్పున రాసినది తూర్పున, ఉత్తరాన రాసినది ఉత్తరాన ఉందో లేదో నిలబడి చూసుకోండి, టేపు పట్టి కొలవండి. నాలుగు హద్దులూ కుదిరాకే సంతకం పెట్టండి.