సలమాంకా విద్యాపీఠము

విద్య కొరకు ఇల్లు విడచుట కోనసీమవారికి క్రొత్త గాదు. గోదావరి పాయలను పడవలపై దాటి రాజమహేంద్రవరమునకు, కాశికి పోయి చదివినవారు మన పూర్వులలో నెందరో కలరు. నేడు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పిల్లలు సముద్రములు దాటుచున్నారు. వారు తెలిసికొనదగిన ప్రాచీన విద్యానగరములలో స్పెయిన్ దేశమందలి సలమాంకా యొకటి.

టోర్మెస్ నది యొడ్డున నున్న యీ నగరమున 1218లో లియోన్ రాజు తొమ్మిదవ అల్ఫోన్సో విద్యాపీఠమును స్థాపించెను. 1492లో స్పానిష్ భాషకు వ్యాకరణమును ప్రకటించిన నెబ్రిహా యిచ్చట బోధించినవాడే. పూర్వము ఉన్నత పట్టమునకు పరీక్ష నిచ్చు విద్యార్థి ముందు రాత్రియంతయు పాత కెథీడ్రల్‌లోని సాంతా బార్బరా మందిరమున ఒంటరిగా చదువుకొనెడివాడు. డాక్టరు పట్టము పొందినవాని పేరు ఎఱ్ఱని రంగుతో గోడపై వ్రాసెడివారు. ఆ వ్రాతలు నేటికిని గలవు. ఘనాంతము వల్లించిన వేదపండితులను సభలో సత్కరించెడి మన అగ్రహారములకు ఈ ఆచారము వింతగా తోచదు.

అచ్చట బోధన చాలవఱకు స్పానిష్ భాషలోనే జరుగును. ఈ భాష నేర్చుట తెలుగువారికి మిక్కిలి కష్టము గాదు. అచ్చులు అయిదే, వ్రాత చూచి పలుకుట సులభము. మన పాత కావ్యములందలి ర, ఱ భేదము వంటిది వారి వాడుకలో నేటికిని సజీవము: ‘పెరో’ యనగా ‘కాని’, ‘పెఱ్ఱో’ యనగా ‘కుక్క’. భాషాపాటవమును నిర్ణయించుటకు ‘డేలే’ యను పరీక్ష కలదు.

తొంబది దినములకు మించిన చదువునకు విద్యార్థి వీసా తప్పదు. కొబ్బరితోట తాకట్టు పెట్టి బిడ్డను పంపదలచు తల్లిదండ్రులు, పాఠ్యక్రమము ఏ భాషలో జరుగునో ముందుగా విచారించి, ఆ భాషకొక యేడాది కేటాయించుట మేలు.