ఆవర్జా పుస్తకం చెప్పే చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, శాసనాలే అని చాలామంది అనుకుంటారు. సామాన్యుడు ఏం కట్టుకున్నాడు, ఎవరికి ఎంత బాకీపడ్డాడు అనే సంగతులు ఏ శిలాశాసనంలోనూ ఉండవు. అవి దుకాణాల ఖాతా పుస్తకాల్లో ఉంటాయి. 19వ శతాబ్దపు అమెరికా దుకాణాల లెడ్జర్లు ఇందుకు మంచి ఉదాహరణ.

అక్కడ 'డ్రై గూడ్స్' అంటే గుడ్డలు, దారాలు, సూదులు, గుండీలు, రిబ్బన్లు. పట్టణాల్లో వీటికి ప్రత్యేక దుకాణాలుండేవి. పల్లెల్లో ఉప్పు, మేకులు కూడా ఆ కొట్లోనే దొరికేవి. చేతిలో నగదు ఆడేది తక్కువ కనుక అరువు బేరమే ఎక్కువ.

దుకాణదారు ముఖ్యంగా రెండు పుస్తకాలు రాసేవాడు. ఏ రోజు అమ్మకం ఆ రోజే వరుసగా రాసేది రోజువారీ పుస్తకం. అందులోంచి ఒక్కో ఖాతాదారు లెక్కను విడదీసి ఎక్కించేది లెడ్జరు. కామర్సు విద్యార్థులు దీన్నే 'ఆవర్జా' అంటారు. పేజీకి ఎడమవైపు డెబిట్, అంటే తీసుకున్న సరుకు. కుడివైపు క్రెడిట్, అంటే చెల్లించినది. చెల్లింపు ఎప్పుడూ డబ్బే కానక్కరలేదు. వెన్న, కోడిగుడ్లు, కాగితపు మిల్లులకు పోయే పాత గుడ్డపేలికలు, కూలికి వెళ్ళిన రోజులు, అన్నిటికీ ధర కట్టి జమ వేసేవారు. ఒక్క పేజీ చదివితే ఒక కుటుంబం ఏడాది బతుకు కనిపిస్తుంది.

అయితే దక్షిణాది రాష్ట్రాల లెడ్జర్లలో మరో కథ ఉంది. 1865లో 13వ రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. స్వేచ్ఛ వచ్చింది గాని భూమి రాలేదు. నల్లజాతివారిలో ఎక్కువమంది పాలుకు, కౌలుకు సేద్యం చేశారు. పంట చేతికొచ్చేదాకా తిండికీ బట్టకూ దుకాణమే దిక్కు. ఆ అరువుకు ఇంకా పండని పత్తే తాకట్టు. ఒకరికి తాకట్టు పెట్టాక మరో దుకాణదారు అరువివ్వడు.

ఇక్కడే అసలు కిటుకుంది. వస్తువుకు నగదు ధర ఒకటి, అరువు ధర మరొకటి. ఉదాహరణకు నగదుకు 1 డాలరు పలికే గుడ్డ అరువుకు 1 డాలరు 30 సెంట్లు అనుకుందాం. వసంతంలో తీసుకుని ఆరు నెలలకు పత్తి అమ్మి తీరిస్తే, ఆ 30 సెంట్లు ఏడాదికి 60 శాతం వడ్డీతో సమానం. లెడ్జరులో మాత్రం 1.30 అనే ఉంటుంది, వడ్డీ అనే మాట కనిపించదు. కూడికలో ఒక్క తప్పు లేకపోయినా రైతు మునిగిపోయేవాడు. 1881-89 మధ్య జార్జియా రాష్ట్రంలో ఇలా దాగిన వడ్డీ సగటున దాదాపు 60 శాతమని రోజర్ రాన్సమ్, రిచర్డ్ సచ్ అనే ఆర్థిక చరిత్రకారులు 1977లో ప్రచురించిన 'వన్ కైండ్ ఆఫ్ ఫ్రీడమ్' గ్రంథంలో లెక్కగట్టారు.

మరి రైతులు పుస్తకం చూసుకోలేదా? 1830లో నార్త్ కరోలినా ఒక చట్టం చేసింది. బానిసలకు చదవడం, రాయడం నేర్పితే నేరం, అంకెలు మాత్రం నేర్పవచ్చు! అంకె తెలిసినా అక్షరం రాకపోతే ఆ అంకె దేనికి వేశారో ఎలా తెలుస్తుంది? 1870లో నల్లజాతి వయోజనుల్లో దాదాపు 80 శాతం నిరక్షరాస్యులు. పట్టుదలగా బడులు పెట్టుకుని 1900 నాటికి దాన్ని సుమారు 45 శాతానికి తగ్గించారు. వారికి చదువు అలంకారం కాదు, తమ పేజీని తాము చదువుకునే హక్కు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. బ్యాంకు కాగితమైనా, అప్పు పత్రమైనా ముందు నా చేతికే ఇస్తారు. ఈ హాస్టల్లోని తమ్ముళ్ళలో, చెల్లెళ్ళలో చాలామందికి రేపు ఇదే బాధ్యత వస్తుంది. మొత్తం ఎంత అని చూసి ఊరుకోకండి. ఆ మొత్తం ఎలా వచ్చిందో అడగండి. సంతకం ఆ తర్వాతే.