మాటలు ఆలస్యమైన బిడ్డను ఎవరికి చూపించాలి?

రెండేళ్లు నిండినా బిడ్డకు మాటలు రాకపోతే మన ఇళ్లలో సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. తండ్రికీ ఆలస్యంగానే వచ్చాయన్నది ఒకటి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వినడంతో బిడ్డ తికమకపడుతున్నాడన్నది రెండవది. మొదటిది నిజమో కాదో పరీక్షించనిదే తెలియదు. రెండవది అపోహ. రెండు భాషలు వినడం వల్ల ఈ సమస్య రాదు. కనుక ఇంటి భాషను మాన్పించనవసరం లేదు.

ఏడాది నిండినా పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నరకు కావలసినదాన్ని వేలితో చూపకపోవడం, రెండేళ్లకు రెండు పదాలు కలిపి పలకకపోవడం, వచ్చిన మాటలు పోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా జాప్యం తగదు. చిన్న వయసులో మెదడు త్వరగా నేర్చుకుంటుంది. ఎదురుచూపుల్లో గడిచిపోయేది ఆ విలువైన కాలమే.

బిడ్డ మాట, ఆట, నడవడిక వయసుకు తగినట్లున్నాయో లేదో పరీక్షించే ప్రత్యేక నిపుణుణ్ణి డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ అంటారు. ఇటువంటివారు మన దేశంలో తక్కువ. ఉన్నవారిలో ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే ఉన్నారు. మైదుకూరువాసులు మెట్టుమెట్టుగా వెళ్లడం మేలు.

మొదట మన ఊళ్లోనో ప్రొద్దుటూరులోనో పిల్లల డాక్టరుకు చూపించాలి. బిడ్డ ఇంట్లో ఎలా మెలగుతున్నాడో ఫోనులో వీడియో తీసి తీసుకెళ్లాలి. వినికిడి పరీక్ష చేయించమని తప్పక అడగాలి. చెవులు వినిపించని బిడ్డ కూడా పిలిస్తే పలకడు కదా!

తరువాతి మెట్టు కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. మనం రిమ్స్ అని పిలిచేది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్లలోపు పిల్లల ఎదుగుదల లోపాలను ఉచితంగా గుర్తించి, చికిత్సకు పంపేందుకు ఉద్దేశించినది. ఆ పథకం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపమని వైద్యులను కోరాలి.

ఇంకా అవసరమైతే వేలూరు సి.ఎం.సి.లో ఈ పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. మన జిల్లావారికి ఆ దారి కొత్త కాదు. బుద్ధిమాంద్యమున్న పిల్లల కోసం 1984లో నెలకొల్పిన కేంద్ర ప్రభుత్వ సంస్థ సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉంది.

రోగం వచ్చినప్పుడు చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (స) బోధన. దుఆ, మందు ఒకదానికొకటి విరుద్ధం కావు. తావీజు కట్టి నెలల తరబడి వేచి ఉండటం బిడ్డకు అన్యాయం. తల్లి పెంపకం వల్లే ఇలా అయిందనడం ఆమెకు అన్యాయం. ఆటిజం పెంపకం వల్ల రాదు. సబఖు ఎక్కని పిల్లవాణ్ణి మొండివాడని దండించే ముందు మా మదరసా ఉపాధ్యాయులమూ ఆలోచించాలి.

పెద్ద డాక్టరు దొరికేదాకా ఇంట్లో ఊరక ఉండనక్కరలేదు. సెల్‌ఫోను పక్కనపెట్టి, అన్నం తినిపించేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు ప్రతి వస్తువు పేరూ చెబుతూ బిడ్డతో మాట్లాడండి. నానమ్మ ఉర్దూలో చెప్పినా, పక్కింటి అక్క తెలుగులో చెప్పినా బిడ్డకు మేలే.