భయాన్ని కొలిచిన ఆచార్యుడు

వేసిన తాళాన్ని పదిసార్లు లాగి చూచేవారినీ, చర్మం ఒరిసిపోయేదాక చేతులు కడుగుకొనేవారినీ మనం ‘చాదస్తులు’ అని నవ్వి ఊరకుంటాము. పూర్వం మడి పేరున దీనికి కొంత చాటు కూడ దొరికేది. అట్టివారు లోలోపల పడే వేదన ఏమిటో, దానికి ఉపశమన మేమిటో దశాబ్దాల తరబడి పరిశోధించినవారు ఆచార్య స్టాన్లీ రాక్‌మన్.

ఆయన 1934లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గులో జన్మించారు. లండనులో హాన్స్ ఐసెంక్ వద్ద పరిశోధన చేసి, అక్కడనే ఆచార్యులైనారు. 1982లో కెనడా వెళ్ళి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. జీవితరేఖ ఇంతే, విశేషమంతా పనిలో ఉన్నది.

లండను మాడ్‌స్లీ ఆస్పత్రిలో ఆయనా, సహచరులూ అనుసరించిన చికిత్స వినడానికి కఠినంగా తోస్తుంది. రోగి దేనిని ముట్టడానికి జంకుతాడో దానిని మొదట చికిత్సకుడే ముట్టి చూపుతాడు. ఆ వెనుక రోగి ముట్టాలి. ముట్టి, చేతులు కడుగుకొనక కూర్చోవాలి. ఆ ఆరాటం అంతకంతకు పెరిగి తనను మింగివేస్తుందని రోగి నమ్మకం. కాలం లెక్కించి చూస్తే జరిగినది వేరు. 1976లో ప్రకటించిన ఫలితాలలో ఆ ఆరాటం మొదటి గంటలోనే చాలవరకు తగ్గి, మూడు గంటలలో దాదాపు అణగిపోయింది. ఎవరూ బుజ్జగించలేదు, తనంత తానే.

ఇంతకంటె గొప్పది మరొకటి. పసిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న తల్లికి, ‘వీడిని నేనే ఏమైనా చేస్తానేమో’ అన్న ఊహ మెరుపువలె తోచిందనుకోండి. ఎవరితో చెప్పుకోగలదు? భర్తతో చెప్పదు, కన్నతల్లితోనూ చెప్పదు. తాను రాక్షసినని నిశ్చయించుకొని కత్తిపీట దాచివేస్తుంది. 1978లో రాక్‌మన్, శ్రీలంకీయుడైన పద్మల్ డిసిల్వా కలిసి ఏ జబ్బూ లేని మామూలు మనుషులను ప్రశ్నించగా, అత్యధికులు ఇట్టి తలపులు తమకూ వస్తాయన్నారు. కాగితంమీద పెట్టి చూస్తే ఏవి రోగులవో, ఏవి కావో తేల్చడం నిపుణులకే కష్టమైనది. రోగికి అవి మరింత తరచుగా, తీవ్రంగా వస్తాయి. వాటికి అతడు చెప్పుకొనే ఘోరమైన అర్థమే అందుకు మూలమని 1997లో ఆయన సిద్ధాంతీకరించారు. ఈ ఒక్క మాట చెవిని పడితే ఆ తల్లి గుండెబరువు ఎంత దిగుతుందో పాఠకులే ఊహించగలరు.

బాంబులను నిర్వీర్యం చేసే బ్రిటిష్ సైనికులనూ ఆయన పరిశీలించారు. భయపడుతూనే ముందుకు నడిచేవాడు ధీరుడు. భయమెరుగనివాడు నిర్భయుడు మాత్రమే అని ఆయన విభాగం. భయాన్నీ ఉత్సాహాన్నీ వేరువేరు రసాలకు పంచియిచ్చిన మన ఆలంకారికులకు ఇది కొంత ఇబ్బందియే!

డెబ్బది దాటిన వయస్సులోను ఆయన తన పూర్వమార్గాన్ని తిరిగి చూచుకొన్నారు. రక్షణకోసం రోగి పట్టుకొనే ఊతకర్రలన్నిటినీ మొదటినుండీ లాగివేయడం ఒకప్పటి నియమం. ఆరంభంలో వాటిని మితంగా ఉండనిస్తే చికిత్స రోగికి సహ్యమవుతుందని 2008లో ఇద్దరు సహరచయితలతో కలిసి వ్రాశారు. దీనిని ఒప్పనివారు లేకపోలేదు. 2021లో ఆయన మరణించారు. ఆ వాదం మాత్రం ఇంకా సాగుతూనే ఉన్నది.