కాలికి రోగము, నోటికి మాత్ర

వాల్తేరునుండి కటకమువరకు గల ఇనుపదారి 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసిన పిమ్మట, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము వైపుల జనము బ్రతుకుతెరువు వెదకికొనుచు ఖరగపూరునకు వచ్చి స్థిరపడుట సులభమయ్యెను. అట్లు వచ్చినవారి సంతతి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో తరములుగా కాపురమున్నను, పండుగకో పెండ్లికో స్వగ్రామమునకు పోయివచ్చుట మానలేదు. ఆ తీరప్రాంతమున బోదకాలు చిరకాలపు వ్యాధి. దానిని నిర్మూలింపవలెనని 2004లో దేశమున ఆరంభమైన సామూహిక ఔషధ వితరణ కార్యక్రమములో భాగముగా, ఊరికి పోయిన ముసలమ్మ చేతిలో ఆరోగ్య కార్యకర్త డీఈసీ (డైఇథైల్‌కార్బమజీన్) అను మందు బిళ్ళలు మూడును ఒక ఆల్బెండజోల్ బిళ్ళయు పెట్టి, తన కన్నులయెదుటనే మ్రింగుమని నిలుచున్నప్పుడు, ఆమె అడుగు ప్రశ్న సబబైనదే.

"నా కాలు బానే ఉంది గదా బాబూ, నాకెందుకీ బిళ్ళలు? కాలు వాచినోళ్ళకైనా కాలికి పూతమందు ఇవ్వాల గానీ, కడుపులోకెందుకూ?"

దీనికి సరియైన సమాధానము చెప్పవలెనన్నచో, మ్రింగిన మందు శరీరములో ఏ దారిని పోవునో మొదటినుండి చెప్పవలసియున్నది.

మందునకు రోగమున్న చోటు తెలియదు. తలనొప్పికి వేసికొన్న మాత్ర తలకు, మోకాలినొప్పికి వేసికొన్నది మోకాలికి పోవునని మనము సామాన్యముగా భావింతుము గాని, రక్తములో కలిసిన ఔషధము గుండె పంపినంతమేర సర్వావయవములకును పోవును. తాను తగులుకొని పనిచేయదగిన అణువు లెచ్చట నున్నవో అచ్చట దాని ప్రభావము కనబడును. అక్కరలేనిచోట తగులుకొన్నచో దానినే దుష్ప్రభావ మందుము. మెదడొక్కటి కొంత గట్టి కాపలా గలది. అచ్చటి సూక్ష్మ రక్తనాళముల గోడలు సందులేకుండ బిగిసియుండి అనేక ద్రవ్యములను వెలుపలనే ఆపివేయును. అయినను జలుబునకు వాడు పాతతరపు మాత్రలు కొన్ని ఆ కాపలాను సులభముగా దాటిపోవును; అవి వేసికొన్న మధ్యాహ్నము కునికిపాట్లు పడుటకు కారణ మదియే.

కడుపులో పడిన బిళ్ళ ముందుగా విరిసి, పొడియై, కరుగవలెను. ఆమ్లమయమైన జీర్ణాశయములో పీల్చుకొనబడునది స్వల్పము. అసలు పని జరుగునది చిన్నప్రేవులో. ఆరు మీటర్లకు అటునిటుగా పొడవుగల ఆ గొట్టము లోపలి గోడ యంతయు ముడుతలు; ఆ ముడుతలమీద మిల్లీమీటరు మించని చూషకములు; వానిమీద మరల కంటికి కనరాని సూక్ష్మచూషకములు. ఇంత విశాలమైన తావు వేరొక్కచోట లేదు గనుకనే అన్నసారమును ఔషధమును అచ్చటనే ఒంటబట్టును.

ఆ చూషకములు చదునై పనిచేయని దశ ఎట్లుండునో చెప్పుటకు మన తెలుగు కుటుంబమొకటి నిదర్శనముగా నున్నది. 1895 జనవరి 12న భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు యౌవనముననే తన సోదరులను స్ప్రూ అను వ్యాధివలన కోల్పోయిరి. ఎంత తిన్నను ఒంటబట్టక మనిషి క్షీణించిపోవు ఉష్ణమండల వ్యాధి యది. తరువాత అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించిరి. అది ఆ స్ప్రూ రోగులకే ఔషధమైనది. ముసలమ్మ అరచేతిలోని డీఈసీయు ఆయన బృందము వెలువరించినదే. 1947లో అది లోకమునకు తెలిసెను. మరుసటి యేటనే ఆయన కన్నుమూసిరి. ఆ బిళ్ళను మ్రింగువారిలో ఆయన పేరు విన్నవారు బహుస్వల్పులని నా అనుమానము.

ప్రేవు గోడను దాటిన మందు తిన్నగా గుండెకు పోదు. హౌరానుండి మద్రాసు పోవు బండి ఖరగపూరును దాటక తప్పనట్లే, ప్రేవులనుండి బయలుదేరిన రక్తము కాలేయ నిర్వాహక సిర ద్వారమున కాలేయమును దాటియే ముందునకు సాగవలెను. ఆ కాలేయము కొన్ని మందులను తొలి రాకలోనే విరిచివేయును. గుండెనొప్పికి వాడు నైట్రోగ్లిజరిన్‌ను మ్రింగినచో చాలవరకు అచ్చటనే నశించును గనుక దానిని నాలుకక్రింద ఉంచుకొనుమందురు. నోటి సిరలలోని రక్తము కాలేయముతో నిమిత్తము లేక గుండెను చేరును. ఇన్సులిన్ అంతవరకైనను పోజాలదు. అది మాంసకృత్తు గనుక ప్రేవులోనే జీర్ణమైపోవును, సూది తప్పదు.

డీఈసీకి ఈ బెడదలు లేవు. చక్కగా పీల్చుకొనబడి, ఒకటి రెండు గంటలలో రక్తమున తన గరిష్ఠస్థాయిని అందుకొనును. దానికి కావలసిన శత్రువు అచ్చటనే యున్నది. బోదకాలు పురుగులలో ఆడుది ఎనిమిది పది సెంటీమీటర్ల పొడవున శోషరస నాళములలో ఏండ్లతరబడి నివసించి, మిల్లీమీటరులో మూడవవంతైనను లేని పిల్లలను లెక్కకు మిక్కిలిగా రక్తములోనికి విడుచుచుండును. ఈ పిల్లలు పగలు ఊపిరితిత్తుల లోపలి నాళములలో దాగి, రాత్రి పొద్దుపోయిన తరువాత చర్మము దాపునకు వచ్చును. అందుచేతనే బోదకాలు పరీక్షకు రాత్రిపూట రక్తము తీయుదురు. మురుగునీట పెరుగు క్యూలెక్స్ దోమ కుట్టుటయు ఆ వేళకే గదా! ఆ పురుగు దోమ రాకపోకల వేళలను ఇంత చక్కగా ఎట్లు ఎఱిగినదో ఆలోచించినకొలది ఆశ్చర్యము కలుగును.

ముసలమ్మ ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే యున్నది. కాలు ముదిరి వాచినవారిలో చాలమంది రక్తమున ఈ పిల్లలు కనబడవు. కాలు బాగుగనున్నవారి రక్తముననే అవి స్వేచ్ఛగా తిరుగుచు దోమద్వారా పొరుగింటికి పోవును. కావున మందు చేరవలసినది కాలికి కాదు, రక్తమునకు. ముదిరిన వాపును ఈ బిళ్ళ తీసివేయనుజాలదు. ఆ కాలిని ప్రతిదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులలో తడిలేకుండ తుడిచి, పుండు పడనీయక కాపాడుకొనవలెను.

మరియొక విచిత్రము గలదు. ఆ పురుగుపిల్లలను గాజుపాత్రలో నుంచి డీఈసీ కలిపినచో అవి చావక కదలుచునే యుండును. అదే మందు మనిషి రక్తములో పడినప్పుడు అవి శరీర రక్షకకణములకు చిక్కి, కాలేయములో పట్టువడి నశించును. అనగా చంపునది మన శరీరమే, మందు ఆ శత్రువును దానికి పట్టియిచ్చును. ఒక్కసారిగా ఇన్ని పురుగులు చచ్చినప్పుడు జ్వరము, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వచ్చును. మన వారు దానినిచూచి "నాకా మందు పడలేదు" అని మరుసటి యేడు బిళ్ళను కార్యకర్త కన్నుగప్పి పారవేయుదురు. ఆ జ్వరము అనేకుల విషయమున మందు పనిచేసినదనుటకు గుర్తు.

జతగా నిచ్చు ఆల్బెండజోల్ నడక వేరు. అది నీటిలో సరిగా కరుగదు. పీల్చుకొనబడని భాగము ప్రేవులలోని నులిపురుగులను అచ్చటనే చంపును. రక్తములోనికి అధికముగా పోవలెనన్నచో నూనెగల భోజనము తోడు కావలెను. పరగడుపున ఈ బిళ్ళలు వద్దనుటలో ఇదియు నొక లాభము. అన్నిటికిని ఈ సూత్రము వర్తింపదు. 1948లో సుబ్బారావుగారి సంస్థనుండియే వెలువడిన ఆరియోమైసిన్, దాని జాతికి చెందిన టెట్రాసైక్లిన్లు, పాలతో కలిసినచో అందలి కాల్షియమును పట్టుకొని, ఒంటబట్టక బయటికి పోవును. రక్తహీనతకిచ్చు ఇనుపమాత్రకు చాయ పడదు. డ్యూటీ తొందరలో ఏ బిళ్ళనైనను చాయతోనే గుటుక్కుమనిపించు అలవాటుగలవా రిది గమనింపవలెను.

వచ్చిన మందు పోవలసినదే. డీఈసీలో పెద్దభాగము మార్పు లేకయే మూత్రమున పోవును. రక్తములోని పరిమాణము సుమారు ఎనిమిది గంటలకు సగమగును, మరి ఎనిమిదికి అందులో సగము. ఒకనాటికి మిగులునది ఎనిమిదవవంతు. పెద్ద పురుగులలో పెక్కు దీనికి లొంగవు గనుక, వాని ఆయువు తీరువరకు ఏటేట మరల మ్రింగవలసివచ్చును.

డీఈసీవలెనే సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతమునకు వైద్యులు వారమున కొక్కమారే వాడుమందురు. ఫోలిక్ ఆమ్లమును పోలినదై, దాని స్థానమును ఆక్రమించి, వేగముగా విభజన చెందు కణముల పనిని అడ్డగించుట దాని స్వభావము. దానిని దినదినము మ్రింగినచో నోరు పూసి, ఎముకమజ్జ దెబ్బతిని, ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. మూత్రపిండములు బలహీనమైనవారికి మందు బయటికి పోవుట ఆలస్యమగుటచే ఆ భయము మరింత హెచ్చు. చీటీమీద వారము పేరు వ్రాయించుకొని, ఆ దినము తప్పించి మిగిలిన దినములలో వైద్యుడు చెప్పినట్లు ఫోలిక్ ఆమ్లపు బిళ్ళను మ్రింగుట ఈనాటి పద్ధతి.