మీకు తెలుసా? ఒకే దొరతనం, రెండు జ్ఞాపకాలు

సామ్రాజ్యం పోయినా దాని కచేరీల మీద జనానికున్న గురి మాత్రం తొందరగా పోదట. హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యం 1918లోనే కూలింది. దాని పాత సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న తూర్పు యూరప్ ఊళ్లను పోల్చిన ఆర్థికవేత్తలు, ఆ పాలన చూసినవైపు జనం కోర్టులనూ పోలీసులనూ ఇప్పటికీ కాస్త ఎక్కువగా నమ్ముతున్నారని 2016లో ప్రకటించారు.

మన గోదావరి సంగతి ఇంకా చిత్రం. కంపెనీ ఏలుబడిలో, 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు డెల్టా ఊళ్లలో ఇవాళ్టికీ విగ్రహాలు, దండలు. ఎగువన ఏజెన్సీకి మాత్రం తెల్లదొరతనమంటే కల్లు పన్ను, పోలీసుల జులుం, అడవి మీద ఆంక్షలు. 1879లో రంప తిరగబడింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. మన్యంలో దండలు రాజుగారికే.

అలాగని డెల్టా దొరలకు దాసోహమందనుకోకండి. నీళ్లిచ్చిన ఇంజనీరు వేరు, ఏలే సర్కారు వేరు. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి వెళ్లాక రాజమండ్రి కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకెళ్లారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు అక్కడ ఆగింది అందుకే.