వేడినీళ్ళా, చన్నీళ్ళా?

ఇంటికి వచ్చినవారికి మొట్టమొదట ఇచ్చునవి మంచినీళ్ళు. యోగక్షేమములు ఆ తరువాతనే. అయితే ఆ నీళ్ళు ఎట్లుండవలెనను విషయమున లోకమునకు ఏకాభిప్రాయము లేదు. మహబూబాబాదు జిల్లాలోని దంతాలపల్లి వంటి ఊరిలో ఎండవేళ గడప త్రొక్కిన చుట్టమునకు కుండలోని నీళ్ళు చెంబుతో ముంచి ఇత్తురు. అమెరికాలో హోటలులో కూర్చున్న మరుక్షణమున, బయట మంచు కురియుచున్నను సరే, గ్లాసులో సగము వరకు ఐసుముక్కలు వేసిన నీళ్ళు తెచ్చి ముందుంచుదురు. చైనీయుల ఇంటిలోనైతే ఫ్లాస్కు మూత తీసి పొగలు గ్రక్కు వేడినీళ్ళు పోయుదురు. మూడును మర్యాదలే. కాని ఈ మూడు ఇండ్లలో ఏ రెండింటికి వియ్యము కుదిరినను ఆ మర్యాదలే తగవులకు మొదలగును.

అమెరికాలో చైనీయులకును తదితరులకును జరిగిన పెండ్లిండ్లలో ఈ నీళ్ళ తగవు చిరపరిచితమైనది. ఆ దేశమున చైనీయుల రాకను నిషేధించిన 1882 నాటి చట్టము 1943లో రద్దయినది. వలసలకు 1965 నాటి శాసనము ద్వారములు తెరచినది. తెల్లవారు ఇతర జాతులవారిని వివాహమాడరాదని కొన్ని రాష్ట్రములలో మిగిలియున్న నిషేధములను అక్కడి సుప్రీంకోర్టు 1967లో కొట్టివేసినది. ఆ 1965 నాటి శాసనము తెరచిన ద్వారముననే మన తెలుగువారును పెద్దసంఖ్యలో అక్కడకు పోయిరి. కనుక చైనా అత్తగారికి వచ్చిన చిక్కు వరంగల్లు ప్రాంతపు అత్తమ్మకును వచ్చుచున్నది. బిడ్డ పురుటికని విమానమెక్కి పోయిన తల్లి, అక్కడి ఆసుపత్రిలో బాలింత చేతికి ఐసునీళ్ళ గ్లాసు ఇచ్చుట చూచి గుండెలు బాదుకొనుట నేడు వింతకాదు. అల్లుడు అమెరికావాడైనచో, ఆమె ఎందులకు బెదరినదో అతనికి తెలియదు. అతడేల నిశ్చింతగా ఉన్నాడో ఆమెకు తెలియదు.

చిక్కంతయు మాటలో ఉన్నది. మన తెలుగులో వేడి అను మాటకు రెండర్థములు కలవు. చేతికి తగులు వేడి ఒకటి. ఒంటికి చేయు వేడి మరియొకటి. మామిడిపండును ఐసుపెట్టెలో ఉంచి ఎంత చల్లబరచినను అది వేడిచేయునదియే. బార్లీగంజి పొయ్యిమీదనుండి దింపునప్పుడు పెదవి కాలునంత వేడిగా ఉన్నను అది చలువచేయునదియే. బొప్పాయి, కోడికూర, రేడియో వినుచు మనము చేతబట్టిన కాఫీ ఒక ప్రక్క. మజ్జిగ, సబ్జానీళ్ళు, తాటిముంజలు మరియొక ప్రక్క. ఈ పట్టిక మనకు ఎవరును బడిలో నేర్పలేదు. అమెరికా కోడలితో “కోడికూర వేడి, ఎండలలో ఎక్కువ తినకమ్మా” అన్నచో, ఆమె గిన్నెను తాకి చూచి “చల్లారినదే!” అనును. ఆమె తప్పు ఏమియులేదు. ఆమె భాషలో వేడి చేతికి సంబంధించినదే.

చైనా కోడలైనచో ఈ మాట వెంటనే గ్రహించును. లీచీపండు, అల్లము వేడి. చేమంతిపూల తేనీరు ఎంత వేడిగా త్రాగినను చలువ, అని వారును అందురు. నోరు పూసినను గొంతు మండినను “షాంగ్ హువో” అందురు. నిప్పు పైకెక్కినదని దాని అర్థము. మనము “వేడి చేసినది” అనుటకును దీనికిని ఎంత దగ్గరితనమో చూడుడు. ఆయుర్వేదమున ద్రవ్యములకు ఉష్ణవీర్యము, శీతవీర్యము అని విభాగము కలదు. హైదరాబాదులో చార్మినారు చెంత యునానీ ఆసుపత్రికి పోయిన వారికి గరం, సర్దు అను మాటలు క్రొత్తవి కావు. యునానీ అనగా గ్రీకు అనియే అర్థము కదా. ఆ గ్రీకు వైద్యమే ఐరోపాలోను శతాబ్దములపాటు ఏలినది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసిన వైద్యుడు బెంజమిన్ రష్, వేసవిలో చన్నీళ్ళు త్రాగుటవలన కలుగు ప్రమాదమును గూర్చి ప్రత్యేకముగా ఒక వ్యాసమే వ్రాసియున్నాడు. నేటి అమెరికా అల్లుని ముత్తాతల ముత్తాతయు మన అత్తమ్మ వలెనే బెదరినవాడే అనుకొనవచ్చును.

మరి వారికి ఐసు ఎట్లు అలవాటైనది? వ్యాపారమువలన. బోస్టను నగరవాసి ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలమున చెరువులపై గడ్డకట్టిన మంచును కోయించి, రంపపుపొట్టులో కప్పి, ఓడలలో దేశాంతరములకు పంపెను. 1833లో అతని ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలలకు కలకత్తా చేరునప్పటికి సుమారు 100 టన్నులు మిగిలినది. మదరాసు సముద్రతీరమున ఈ మంచును దాచుటకు 1842లో కట్టిన ఐస్ హౌస్ భవనము ఇప్పటికిని ఉన్నది. 1897లో వివేకానందస్వామి బస చేసిన ఇల్లు అదియే. అనగా, ఐసునీళ్ళు మన దేశమునకు అమెరికానుండియే సరకుగా వచ్చినవి. అమ్మదలచినవాడు మొదట జనులకు రుచి మరపెను. తరువాత యంత్రములు వచ్చి ఇంటింట ఐసు చేసిపెట్టినవి.

చైనాలో వేడినీళ్ళు వాడుకయగుటకు ప్రాత వైద్యము ఒక్కటే కారణము కాదు. నీటివలన వ్యాపించు రోగములను అరికట్టుటకై, కాచిన నీరే త్రాగుడని 1930 తరువాతి ప్రభుత్వమును, 1952లో ఆరంభమైన దేశభక్తి ఆరోగ్యోద్యమమును గట్టిగా ప్రచారము చేసినవి. పెండ్లికి వేడినీళ్ళ ఫ్లాస్కులు బహూకరించుట అక్కడ ఆచారమైనది. రైళ్ళలో సైతము ప్రయాణికులకు మరుగునీళ్ళు లభించును. ఏ జబ్బుకైనను “వేడినీళ్ళు ఎక్కువగా త్రాగుము” అనుట ఆప్యాయతకు గుర్తు. అయితే కాలము మారినది. భార్య తలనొప్పి అన్నను కడుపునొప్పి అన్నను, కుర్చీలోనుండి లేవకుండనే ఈ మాట అను మగవారిని చైనా యువతులు నేడు పరిహాసము చేయుచున్నారు. ఇట్టి మగవారు ఒక్క చైనాలోనే ఉన్నారని మేము అనుకొనుట లేదు.

మన కుండనీళ్ళ సంగతి వేరు. మట్టికుండ చెమర్చును, ఆ చెమ్మ ఆవిరియగుచు కుండలోని వేడిని తీసికొనిపోవును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. గాలి పొడిగా ఉన్నకొలది ఈ పని చురుకుగా సాగును. అందువలననే దంతాలపల్లి వైపు ఎండలలో కుండ మంచిగా చల్లబడును; అదే కుండ ఉక్కపోయు బందరులో అంతగా పనిచేయదు. మన శరీరమును ఇట్టి కుండయే. కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయమువారు వ్యాయామము చేయువారికి 1.5 డిగ్రీలనుండి 50 డిగ్రీలవరకు వేర్వేరు వేడిగల నీళ్ళిచ్చి చూచి, ఆ ఫలితములను 2012లో ప్రకటించిరి. వేడినీళ్ళు త్రాగినవారికి చెమట ఎక్కువ పట్టినది. ఆ చెమట అంతయు ఆవిరియగుటచే ఒంటిలో నిలిచిన వేడి తక్కువైనది. మండుటెండలో వేడి చాయ త్రాగి “చల్లబడినది” అను పెద్దమనిషి మాట అబద్ధము కాదన్నమాట. చెమట ఆరని ఉక్కలో మాత్రము ఈ లెక్క సాగదు. మరీ మరిగినది త్రాగుటయు మంచిది కాదు. 65 డిగ్రీలు మించిన పానీయములు అన్నవాహికకు క్యాన్సరు కలిగించు అవకాశము గలవని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో తెలిపినది.

ఐసు త్రాగినచో జలుబు చేయునను మాట వేరు. జలుబునకు మూలము సూక్ష్మక్రిములే కాని చల్లదనము కాదు. అయినను, ఏ నీళ్ళతో చేసినారో తెలియని బండిమీది ఐసును పిల్లలకు కొనిపెట్టని తల్లి తెలివైనదియే.

ఇంతవరకు ఇది అభిరుచుల సంగతి. ఎవరి గ్లాసు వారు త్రాగవచ్చును. బాలింత విషయమున మాత్రము ఇది అభిరుచితో పోవునది కాదు.

పురుడు వచ్చిన స్త్రీ ఒంటికి చలి తగులరాదనుట మనకును చైనీయులకును సమానము. వారు “నెల కూర్చుండుట” అని ముప్పది దినములు చన్నీళ్ళు ముట్టనీయరు. చలి ఎముకలలో చేరి ముసలితనమున నొప్పులగునని వారి భయము. మనవారు కాయము, కారపు పొడులు, కాచిన నీళ్ళు ఇత్తురు. ఇంతవరకు నష్టము లేదు. కాచిన నీళ్ళు మేలే. అయితే కొన్ని ఇండ్లలో నీళ్ళను కాచుటతో ఆగక, కొలిచి ఇచ్చుట కూడ పథ్యముగా పెట్టుకొన్నారు. పొట్ట పెరుగుననియు, బిడ్డకు జలుబు చేయుననియు దాహముతో ఉన్న తల్లికి గుటకలు లెక్కపెట్టి పోయుదురు. అపాయము ఇచ్చటనే ఉన్నది. పాలిచ్చు తల్లి దినమునకు ముప్పాతిక లీటరు పాలు ఇచ్చుచుండును. ఆమెకు ఆహారములోని నీటితో కలిపి దినమునకు సుమారు 3.8 లీటర్ల నీరు కావలెనని అమెరికా వైద్యనిపుణుల అంచనా. ఇతర స్త్రీలకు 2.7 లీటర్లు. కాన్పు తరువాత కొన్ని వారములు రక్తము గడ్డకట్టు గుణము సహజముగనే ఎక్కువగా ఉండును. ఆపైన ఒంటిలో నీరు ఇంకినచో, మెదడులోని సిరలలో సైతము రక్తము గడ్డకట్టి తీవ్రమైన తలనొప్పి, మూర్ఛ, పక్షవాతము రాగలవు. మన దేశపు వైద్యులు బాలింతలలో ఈ వ్యాధిని చిరకాలముగా చూచుచున్నారు. నీళ్ళు తగ్గించు పథ్యమును దానికి ఒక కారణముగా చెప్పుదురు. మన ఎండలు వేరే చెప్పనక్కరలేదు. 2015 మే నెల వడగాలులకు దేశమున రెండు వేలకు పైగా ప్రాణములు పోయినవి. వారిలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణములవారే. అట్టి మే నెలలో, తలుపులు మూసిన గదిలో, గుటకలు లెక్కించి నీళ్ళిచ్చుట ఎంత ప్రమాదమో ఊహించుకొనుడు.

కనుక ఆసుపత్రి గదిలో తల్లికిని అల్లునికిని తగవు వచ్చినప్పుడు, వేడియా చల్లనా అని వాదించుట వ్యర్థము. ఆ అల్లుడు ఇచ్చిన ఐసునీళ్ళవలన కూతురికి వాతము రాదు. అత్తమ్మ ఫ్లాస్కులోని నీళ్ళవలనను చెడుపు లేదు. నీళ్ళను శుద్ధిచేయునది మరుగుటయే కాని వేడిగా నిలిచియుండుట కాదు. కాచి చల్లార్చి మూతపెట్టిన నీళ్ళు అంతే శుభ్రము. అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఉదయమునుండి ఆమె ఎన్ని గ్లాసులు త్రాగినది? మంచము ప్రక్కన రెండును పెట్టి, బాలింత చేయి దేనిమీదకు పోవునో దానిని పోయుట మేలని మాకు తోచుచున్నది. అత్తమ్మ నొచ్చుకొనకుండుటకు “అమ్మా, నీవు కాచిన నీళ్ళే ఇంకొక గ్లాసు పోయుము” అని కూతురే అడుగవచ్చును. తన చేతి నీళ్ళు అడిగిన బిడ్డకు ఏ తల్లియు కొలిచి పోయదు.

మన వైపు ఇరువదియొకటవ దినమున బాలింతను బావివద్దకు తీసికొనిపోయి, పసుపు కుంకుమలతో పూజచేయించి, నీళ్ళు చేదించు ఆచారము కలదు. ఆనాటితో ఆమె మరల నీళ్ళ పనిలో చేయి పెట్టును. బావి లేని ఇండ్లలో కుళాయి వద్దనే ఆ పూజ జరిపించుకొనువారును కలరు. అమెరికాలోని ఇంటిలో ఆ కుళాయికి రెండు పిడులుండును, ఒకటి వేడినీళ్ళకు, ఒకటి చన్నీళ్ళకు. అత్తమ్మ రెండింటికిని బొట్టు పెట్టును.